కిటికీ పక్క పిల్ల ఇచ్చిన పాట

ముందు పోయినవి చెబుతాను. ఒక ఫోను. అందులో నాలుగు జీబీల మెమరీ కార్డు. ఆ కార్డులో ఆరు వందల ముప్ఫై ఎనిమిది పాటలు. మా అమ్మాయి భారతి డిగ్రీలో ఒక ఏడాది. దాని ఎడమ చెవి, కుడి చెవిలో చాలా భాగం. ఇవన్నీ ఒక్క జ్వరంలో పోయాయి. ఖర్చయిన డబ్బు సంగతి ఇక్కడ రాయను. అది మళ్ళీ సంపాదించుకోవచ్చు.

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. రాజాంలో ఒక రైసు మిల్లులో కాటా దగ్గర నా పని. ఐదో తరగతిలో బడి మానేశాను. తూకం, తేమ, తరుగు లెక్కలన్నీ పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నవే. కాటా ముల్లు ఎక్కడ నిలబడితే అది బరువు. ఎవరికి ఎలా అనిపించిందన్నది బరువు కాదు. ఇంట్లో ఎవరైనా దిష్టి అన్నా, గాలి సోకిందన్నా నవ్వేవాణ్ణి. ఆ మనిషే ఇది రాస్తున్నాడు.

ఇది 2013 ప్రాంతంలో జరిగింది. టచ్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. పిల్లలు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించుకునేవారు. ఒకరి ఫోను నుంచి ఇంకొకరి ఫోనుకు బ్లూటూత్‌లో పంపుకునేవారు. భారతి రోజూ రాజాం నుంచి శ్రీకాకుళం కాలేజీకి బస్సులో వెళ్ళి వచ్చేది. మా వీధి పిల్లలే మంగ, రేవతి దానికి తోడు. పోనూ రానూ మూడు గంటల పైచిలుకు బస్సులోనే. ఆ మూడు గంటలూ పాటలే.

వాళ్ళ ముగ్గురి మధ్య ఒక కట్టుబాటు ఉండేది. పాటకు పాట. ఒకరి దగ్గర పాట తీసుకుంటే తిరిగి ఒక పాట ఇవ్వాలి. ఊరికే తీసుకోకూడదు. ఇచ్చేముందు ఇద్దరూ చెరో ఇయర్‌ఫోను పెట్టుకుని ఆ పాటను చివరిదాకా కలిసి వినాలి. ఇంకొకటి అన్నిటికన్నా గట్టిది: తాను విని ఇష్టపడిన పాటే ఇవ్వాలి. విననిది ఇవ్వకూడదు.

ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని ఇదంతా నాకు వాళ్ళే చెప్పారు. మంగకు డప్పు మోత ఉన్న పాటలు కావాలి. రేవతికి ఏడుపు పాటలు.

"దీనికి ఏ కష్టం నేదు మావయ్యా," అంది మంగ. "కడుపు నిండా తింటాది, కన్నీళ్ళ పాటలు ఇంటాది."

"నీ పాటలింటే బస్సు టైరు పేలినాదేమోనని డ్రైవరు దిగి సూసుకుంటాడు," అంది రేవతి.

భారతిది వేరే పద్ధతి. ఒక పాట నచ్చితే పది రోజులు అదే వింటుంది. ఇంక అందులో ఏమీ మిగల్లేదనిపించాక రెండో పాట. ఎడమ చెవి ఎప్పుడూ దానిదే. ఎవరు పక్కన కూర్చున్నా కుడి ఇయర్‌ఫోనే ఇచ్చేది. వానలో వినడానికని కొన్ని పాటలు విడిగా దాచుకునేది, ఎండ రోజున అడిగినా వేసేది కాదు. ఆ పాటలేవో నాకు తెలియదు. నేను రేడియోలో వార్తలు అయిపోగానే కట్టేసేవాణ్ణి.

ఆ వర్షాకాలంలో దానికి జ్వరం వచ్చింది. మూడో రోజుకు మెడ వంగడం మానేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం నన్ను చూసి "ఎవరు" అంది. రాజాం డాక్టరు చెయ్యి కూడా పట్టుకోకుండా శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నాడు. ఆటోలోంచి అంబులెన్సులోకి మార్చే హడావిడిలో ఫోను ఎక్కడ పడిపోయిందో ఎవరూ చూడలేదు. మర్నాడు మా ఆవిడ అడిగేదాకా ఫోను సంగతే గుర్తు లేదు.

మెదడు పొరలకు వాపు అన్నారు. ఐసీయూలో నాలుగు మంచాలు. భారతిది మూడోది. నాలుగోది కిటికీ పక్కన. మేం లోపలికి వెళ్ళేటప్పటికి ఆ మంచం మీద పరుపు మడతపెట్టి ఉంది. ఆయా కింద ఫినాయిలుతో తుడుస్తోంది. దాని వెనక గోడలో ఆక్సిజన్ గొట్టం పాడైందట, మేం ఉన్నన్నాళ్ళూ అందులో ఎవరినీ పడుకోబెట్టలేదు. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. ఆ మంచానికీ భారతి మంచానికీ మధ్య ఒక పచ్చ తెర. ఆ తెర కూడా ఎప్పుడూ పక్కకు లాగేసే ఉండేది.

భారతి కళ్ళు తెరవలేదు. పిలిస్తే పలకలేదు. గిల్లితే చెయ్యి కొంచెం లాక్కునేది, అంతే.

పెద్ద డాక్టరుగారు ఒక మాట అన్నారు. "అలవాటైన గొంతులు, అలవాటైన చప్పుళ్ళు వినిపిస్తూ ఉండండి. వినపడుతూ ఉండొచ్చు. చెప్పలేం." ఆయన చెప్పలేం అన్నది నేను వినిపించుకోలేదు. వినపడుతూ ఉండొచ్చు అన్నదొక్కటే పట్టుకున్నాను. నీళ్ళలో కొట్టుకుపోయేవాడు చేతికందిన గడ్డిని పట్టుకున్నట్టు.

దానికి అలవాటైన చప్పుడంటే పాటలే. ఆ పాటలు ఫోనుతో పాటే పోయాయి. కన్నతండ్రిని, ఒక్క పాట పేరు తెలియదు. వరండాలో గోడకానుకుని అదే తలుచుకుంటూ కూర్చున్నాను. దాని రక్తం గ్రూపు తెలుసు, హాల్ టికెట్ నంబరు తెలుసు, ఏ పాటకు కళ్ళు మూసుకుంటుందో తెలియదు.

సాయంత్రానికి మంగ, రేవతి వచ్చారు. సంగతి చెప్పాను.

"అది ఇచ్చినయ్యన్నీ నా కాడ ఉన్నాయి మావయ్యా. ఒక్కటీ సెరపనేదు," అంది మంగ.

"నా కాడ ఉన్నయ్యి ఏడుపు పాటలేనే," అంది రేవతి, కళ్ళు తుడుచుకుంటూ. "అవి ఇని అది లెగుస్తాదా?"

"నీ ఏడుపు ఆపమని తిట్టడానికైనా లెగుస్తాది. ముందు కార్డు తియ్యి."

పాటకు పాట అన్న కట్టుబాటు వల్ల అప్పుడు మేలు జరిగింది. భారతి వాళ్ళకు ఇచ్చినవి, వాళ్ళు భారతికి ఇచ్చినవి, రెండూ వాళ్ళ కార్డుల్లో ఉన్నాయి. ఇద్దరి దగ్గరా ఉన్న పాటలను ఒక్కసారే లెక్కేశాం. నాలుగు వందల పదిహేడు తేలాయి. భారతి కార్డులో మొత్తం ఆరు వందల ముప్ఫై ఎనిమిదని మంగకు తెలుసు. మిగిలిన రెండు వందల ఇరవై ఒకటి అది ఎవరికీ ఇవ్వకుండా తన కోసం ఉంచుకున్నవి. వాన కోసం దాచుకున్నవి వాటిలో ఉన్నాయో దొరికినవాటిలో ఉన్నాయో తెలియదు. బయట రోజూ వాన పడుతూనే ఉంది.

రేవతి తన ఫోను నాకిచ్చేసింది. చూడ్డానికి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వదిలేవారు. మధ్యాహ్నం పని తక్కువగా ఉన్నప్పుడు నర్సు ఒకామె జాలిపడి నన్ను లోపలికి రానిచ్చేది. ఎడమ చెవిలో ఇయర్‌ఫోను పెట్టేవాణ్ణి. రెండోది నా చెవిలో పెట్టుకునేవాణ్ణి, కలిసి వినాలన్నది వాళ్ళ పద్ధతి కదా అని. పాట నడుస్తున్నంతసేపూ దాని రెప్పలవైపే చూసేవాణ్ణి. అరుపుల పాటలు, మంద్రంగా సాగేవి, మధ్యలో ఎవరో నవ్వేవి. యాభై ఏళ్ళలో నేను విన్న పాటలకన్నా ఆ మంచం పక్కన విన్నవే ఎక్కువ.

రెప్ప కదల్లేదు. ఈ పాట కాదు, తర్వాతిది అనుకునేవాణ్ణి. వంద అయ్యాయి. రెండు వందలు అయ్యాయి. మూడు వందల యాభై దాటాక నాకు భయం పట్టుకుంది. ఇలాగే వేస్తూ పోతే చివరి పాట వస్తుంది. అది కూడా అయిపోయి, ఇది కదలకపోతే, ఆ తర్వాత వేయడానికి ఏమీ ఉండదు. అందుకని ముందుకు పోవడం మానేశాను. విన్నవే మళ్ళీ మొదటినుంచి వేయడం మొదలుపెట్టాను. ఏ లెక్కనైనా పూర్తిచేయకుండా లేవని మనిషిని, ఆ లెక్క మాత్రం పూర్తికాకూడదని రోజూ మొక్కుకున్నాను. ఎవరికి మొక్కానో నాకే తెలియదు.

మా ఆవిడ ఒకటే అడిగేది, "ఇంటన్నాదంటావా?" ఇంటన్నాది అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఫోనులో చార్జింగు అయిపోయింది. ఇయర్‌ఫోను తీసి జేబులో పెట్టుకున్నాను. వెళ్ళిపోవాలని లేస్తుండగా భారతి కుడిచేతి చూపుడువేలు కదిలింది. మంచం అంచుమీద కొడుతోంది. మూడు దెబ్బలు, చిన్న విరామం, నాలుగు దెబ్బలు. మళ్ళీ మూడు, విరామం, నాలుగు. ఎక్కడా తప్పలేదు. బస్తాలు లెక్కపెట్టే అలవాటున్నవాణ్ణి, నా లెక్క తప్పదు. ఒక పాట పట్టేంతసేపు అలా కొట్టి ఆగిపోయింది.

నర్సును పిలిచాను. ఫిట్స్ కావచ్చని డాక్టరుతో చెప్పి ఏదో మందు వేశారు. అప్పుడు నేనూ అదే అనుకున్నాను. దాని చెవిలో ఏ పాటా లేనప్పుడు వేలు కదలడానికి వేరే కారణం ఏముంటుంది?

మర్నాడు పొద్దున భారతి కళ్ళు తెరిచింది.

మా ఆవిడ ఒక్కసారి బావురుమంది. నేను పేరు పెట్టి పిలుస్తున్నాను. భారతి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏటి నాన్నా, ఉత్తినే నోరాడిస్తన్నావు?" అంది.

అది మామూలుగా అనలేదు. అవతలి గట్టున ఉన్నవాళ్ళను పిలిచినట్టు అరిచి అంది. దాని గొంతు దానికి వినపడడం లేదని అప్పుడే అర్థం కావలసింది. ఆనందంలో అర్థం కాలేదు.

తర్వాత కిటికీవైపు తల తిప్పింది. "ఆ పిల్లేది? అక్కడ పడుకున్న గుంట. పాట ఆపేసినాదేటి?"

ఎవరూ లేరని చెబితే నా నోటివైపే చూస్తోంది. అదే మాట మందుల చీటీ వెనక రాసి చూపించాను.

దానికి కోపం వచ్చింది. "నేకపోతే పాటెవులిచ్చినారు? నాకు ఒకటి ఇచ్చినాది. పాటకి పాట అని సెప్పినాను. బాగయినాక ఇస్తానన్నాను. సరేనన్నాది."

ఏ పాట అని రాశాను. పాడింది. అరిచినట్టుగానే పాడింది. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పి చూశారు. "మబ్బా మబ్బా అవతలికెల్లు, మడిలో నా ముత్తేలు ఆరతన్నాయి." అలాంటివి నాలుగైదు వరుసలు. పాడుతూ వేలితో మంచం అంచుమీద కొట్టింది. మూడు, విరామం, నాలుగు.

ముందురోజు నేను లెక్కపెట్టిన దెబ్బలే.

చెవి పరీక్షలు తర్వాత చేశారు. ఎడమవైపు పూర్తిగా పోయింది. కుడివైపు ఏదో కొంచెం మిగిలింది, అదీ మాట తెలిసేంత కాదు. ఈ జబ్బులో ఇలా జరుగుతుందని, వినికిడి మొదటి రోజుల్లోనే, బహుశా ఇక్కడికి తెచ్చేలోపే పోయి ఉంటుందని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. బిడ్డ దక్కింది, అదే గొప్ప అన్నారు. నిజమే. ఆయనకు దండం పెట్టాను.

ఆ రోజే భారతిని కాగితం మీద అడిగాను, నేను వేసిన పాటలు ఎలా ఉన్నాయని.

"ఏ పాటలు?" అంది.

మా ఆవిడకు ఈ మాట ఇప్పటికీ చెప్పలేదు.

నేను అంత తేలిగ్గా వదిలే మనిషిని కాను. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. ఆ పాట మంగ దగ్గరా లేదు, రేవతి దగ్గరా లేదు. ముందెప్పుడూ భారతి నోట వినలేదని ఇద్దరూ ఒట్టేసి చెప్పారు. మా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. ఆయాలు కూనిరాగాలు తీసి ఉంటారనుకుంటే, అది మా అమ్మాయికి వినపడే అవకాశమే లేదు.

డిశ్చార్జి రోజున ఆ నర్సును అడిగాను, కిటికీ పక్క మంచంలో మాకు ముందు ఎవరున్నారని.

"దమయంతి అని, డిగ్రీ సదువుతున్న పిల్లేనండి. నౌపడ అవతల ఉప్పుమళ్ళ కాడ ఊరు. మీరొచ్చిన రోజు పొద్దున్నే పోనాది."

ఆ అమ్మాయి ఇక్కడ పాడేదా అని అడిగాను.

"తెచ్చినప్పుడే తెలివి నేదండి. నోరు తెరవకుండానే ఎల్లిపోనాది."

ఇది భారతికి చెప్పకూడదనుకున్నాను. కానీ అది రోజూ అదే అడిగేది. ఆ పిల్ల ఏ ఊరు, ఏ కాలేజీ, పాట ఎలా పంపాలి. అప్పుడు అది ఇంకేమీ అడిగేది కాదు. కాలేజీ గురించి కాదు, చెవుల గురించి కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. మంగ, రేవతి వచ్చి పక్కన కూర్చుంటే వాళ్ళ చేతుల్లో ఫోన్లు చూసి మొహం తిప్పుకునేది. పాట బాకీ గురించి మాట్లాడేటప్పుడు మాత్రమే దాని కళ్ళలో ప్రాణం ఉండేది. ఆ ఒక్కటీ తీసేస్తే ఏమైపోతుందోనని భయపడ్డాను. చివరికి కాగితం మీద అంతా రాసి ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "వాళ్ళమ్మ కాడికి తీసుకెల్లు," అంది.

వేసవి రాగానే ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కి నౌపడలో దిగాం. రైలు దిగగానే గాలిలో ఉప్పు తెలిసింది. అడుగుతూ అడుగుతూ ఉప్పుమళ్ళ దగ్గరికి వెళ్ళాం. దమయంతి తల్లి మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టి పొడుగాటి చెక్కపారతో ఉప్పు లాగుతోంది. మూడుసార్లు లాగి, ఆగి ఊపిరి పీల్చి, నాలుగుసార్లు లాగుతోంది. నేను అక్కడే నిలబడిపోయాను. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. భారతి నావైపు చూసింది. ఆ లెక్క అది కూడా పట్టుకుంది.

ఆమెకు ఏమని చెప్పాలో నాకు తెలియలేదు. మా పిల్ల అదే ఆసుపత్రిలో ఉందని మాత్రం చెప్పాను. గట్టు మీద కూర్చోబెట్టి కుండలో నీళ్ళిచ్చింది. తన పిల్ల సంగతి తనే చెప్పింది. కాలేజీలో తోటిపిల్లలందరి దగ్గరా ఫోన్లున్నాయట, దమయంతి దగ్గర లేదట.

"ఒక ఫోను కొనవే అని నన్ను సంపీసేది. నానెక్కడ తెచ్చేది బాబూ? ఆల్ల కాడ ఫోన్లున్నాయి, నీ కాడ గొంతున్నాది కదే, ఇక్కడ పాడుకున్నదే ఆల్లకీ పాడు అనీదాన్ని. ఇనీవోల్లు, మళ్ళీ నవ్వీవోల్లట. ఒక్కరూ ఒక పాట ఇచ్చీవోరు కారట, నీకు ఫోను నేదు కదే ఎందులో ఎక్కిస్తాం అని."

అప్పుడు భారతి పాడింది. ఆమె మాటలు దానికి వినపడలేదు. నేను సైగ కూడా చేయలేదు. అదే మొదలుపెట్టింది.

ఆమె కదలకుండా విన్నది. ఏడవలేదు. రెండో వరుసలో "ఆరతన్నాయి" అన్నచోట భారతి గొంతు పైకి లేచింది. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అక్కడ కాదు. అక్కడ కిందికి దిగాల," అంది. దించి పాడి చూపించింది. చూపించాక అలాగే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత అంది, "అదీ అక్కడే తప్పు పాడీది. ఎన్నిసార్లు సెప్పినా దిగీది కాదు. ఆ తప్పు దానిదే. ఇంకెవులూ అలా పాడరు."

చెవులు పోయిన పిల్ల పాడితే ఎక్కడో ఒకచోట శ్రుతి తప్పుతుంది, అది యాదృచ్ఛికంగా అక్కడే తప్పి ఉండొచ్చు. నాకు నేను ఇలా చెప్పుకుని చూశాను. ఒక వరుసలో ఎన్నిచోట్ల తప్పవచ్చో లెక్క వేయబోయాను. కానీ పాట ఆమెకు తెలిసిన పాటే. మాటలు అవే. దెబ్బ అదే. ఏ లెక్కా నిలబడలేదు.

వచ్చేముందు భారతి ఆమె చేతులు పట్టుకుంది. "నాను మీ పిల్లకి ఒక పాట ఇయ్యాల," అని అరిచి చెప్పింది.

ఆమె నావైపు తిరిగి, "ఏటీ వద్దని సెప్పండి బాబూ. ఒక్కర్తయినా ఇస్తానన్నాది, సాల్లే," అంది. అది నేను కాగితం మీద రాస్తే భారతి చదివి, చింపి పారేసింది.

ఇది జరిగి ఏళ్ళయింది. భారతి మళ్ళీ చదువులో చేరి పూర్తిచేసింది. పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. కుడి చెవికి మిషను పెట్టించాం. దాంతో తలుపు చప్పుడు తెలుస్తుంది, నా గొంతుకూ వాళ్ళమ్మ గొంతుకూ తేడా తెలుస్తుంది. పాట మాత్రం పాటలా తెలియదు. రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టుంటుందట.

బాకీ తానే తీరుస్తానని రేవతి ఒకసారి ముందుకొచ్చింది. మంచి పాట ఒకటి తెచ్చింది. భారతి ఒప్పుకోలేదు. "ఇని నచ్చిందే ఇయ్యాల కదే. ఇననిది ఎలా ఇస్తాను?" అంది. ఆ కట్టుబాటు పెట్టింది వాళ్ళే. రేవతి ఆ పాటను వెనక్కి తీసుకుపోయింది.

వాన పడ్డ రోజుల్లో భారతి ఆ పాత నాలుగు వందల పదిహేడులోంచి ఒకటి తీసి, మిషను చెవికి సర్దుకుని, చివరిదాకా వింటుంది. నేను కాగితాలు చూసుకుంటున్నట్టు నటిస్తూ దాని మొహమే చూస్తుంటాను. అయిపోయాక మిషను తీసి బల్లమీద పెట్టి తల అడ్డంగా ఊపుతుంది.

ఆ మంచంలో ఎవరూ లేరు. అది నేను చూశాను. మా పిల్లకు వినపడదు. అది డాక్టరు చెప్పారు. అయినా పాట వచ్చింది. ఈ మూడింటినీ కలిపి ఎన్నిసార్లు కూడినా నాకు తేలలేదు.

మాకు ఎవరి దగ్గరా రావలసిందేమీ లేదు. మేం ఇవ్వవలసింది ఒక పాట.